కంచెకూ కావలి కావాలి

వంతెన కూలిందనుకోండి. ఇంజనీరు ముందు అడిగేది "ఏ అతుకు దగ్గర విరిగింది?" అని. అదే ప్రశ్న ఈసారి ప్రభుత్వ సొమ్ము మీద వేసి చూద్దామనిపించింది. అందుకు నేను ఎంచుకున్నది అమెరికా ఫెడరల్ ఉద్యోగుల ఛార్జ్ కార్డుల వ్యవహారం.

చిన్న కొనుగోలుకు కూడా ఫైళ్లు తిప్పే బాధ లేకుండా అక్కడ ఉద్యోగి చేతికే కార్డు ఇస్తారు. 1998 నుంచి స్మార్ట్‌పే అనే పథకం కింద ఇది నడుస్తోంది. పర్చేజ్ కార్డు బిల్లు ప్రభుత్వమే బ్యాంకుకు కడుతుంది. ట్రావెల్ కార్డు బిల్లు మాత్రం చాలావరకు ఉద్యోగే కట్టి, తర్వాత ఆఫీసు నుంచి రాబట్టుకుంటాడు. అంటే మొదటిదాంట్లో మోసం జరిగితే పోయేది నేరుగా ఖజానా సొమ్మే.

పోయింది కూడా! అటవీ విభాగంలో ఒక ఉద్యోగిని కార్డు పథకం కింద ఇచ్చే చెక్కులను తనతో కలిసి ఉంటున్న వ్యక్తి పేరున రాసి, 2000 నుంచి 2006 దాకా 6,42,000 డాలర్లకు పైగా కాజేసింది. అడవుల్లో మంటలార్పడానికి కేటాయించిన సొమ్ము అది. జూదానికీ, ఇంటి అప్పు వాయిదాలకూ పోయింది. డబ్బు సంగతి సరే, ఆరేళ్లు ఎవరూ ఎలా చూడలేదు?

జవాబు ఆడిట్ సంస్థ జీఏఓ 2008లో ఇచ్చిన నివేదికలో దొరికింది. సరైన అనుమతి ఉందా? సరుకు అందిందని కొన్నవాళ్లు కాక ఇంకొకరు చూశారా? 2005 జులై నుంచి 2006 జూన్ మధ్య జరిగిన కొనుగోళ్లలో దాదాపు 41 శాతానికి ఈ రెండింట్లో ఏదో ఒకటైనా లేదని తేల్చారు. విరిగిన అతుకు ఇదే.

2012 అక్టోబరులో దీనికోసం ప్రత్యేక చట్టం వచ్చింది. కార్డులు ఎవరెవరి దగ్గరున్నాయో లెక్క ఉండాలి. వాడేవాళ్లకూ, ఆమోదించేవాళ్లకూ శిక్షణ ఇవ్వాలి. బిల్లును రసీదుతో సరిపోల్చాలి. ఉద్యోగం మానేసినవాళ్ల కార్డు వెంటనే రద్దు కావాలి. దుర్వినియోగం చేస్తే ఉద్యోగం ఊడే శిక్ష దాకా ఉండాలి. దీనికి తోడు, జూదశాలల్లాంటి చోట్ల కార్డు అసలు గీయనివ్వకుండా వ్యాపార కోడ్‌ల ద్వారా ముందే అడ్డుకోవచ్చు.

మరి కార్డులన్నీ ఆపేస్తే పీడా పోతుంది కదా అంటారా? 2025 ఫిబ్రవరి 26న దాదాపు అదే జరిగింది. విపత్తు సహాయం వంటి కొన్ని మినహాయింపులతో 30 రోజులు కార్డులు స్తంభింపజేయాలని అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది. నా దృష్టిలో అది ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమే. దొంగతో పాటు, ప్రయోగశాలకు అవసరమైన రసాయనం కొనేవాడి చెయ్యి కూడా కట్టేసినట్టవుతుంది.

రేపు మనలో చాలామంది ఏదో ఒక ఆఫీసులో బిల్లు పెడతాం, లేదా ఇంకొకరి బిల్లు మీద సంతకం పెడతాం. అంతదాకా ఎందుకు, మన ఫెస్టు నిధులకూ ఈ సూత్రం వర్తిస్తుంది. ఖర్చు పెట్టేవారు, అనుమతిచ్చేవారు, సరుకు చూసుకునేవారు ముగ్గురూ వేరువేరుగా ఉండాలి. "మనవాడే కదా" అని సంతకం పెట్టేస్తే అది స్నేహం అనిపించుకోదు. రసీదు అడిగితే అవమానమేమీ కాదు, నిజాయితీగా ఖర్చు పెట్టినవాడికి అదే రక్ష.

కంచే చేను మేస్తే అని ఊరికే బాధపడతాం గానీ, ఆ కంచెను చూసే కావలి ఎవరని కూడా అడగాలి.