ఈమెయిల్ భాండారము తలుపు తీయనప్పుడు

పూర్వము బడి కార్యాలయమునకు వచ్చిన జాబులను ఇనుపతీగకు గ్రుచ్చి వ్రేలాడదీసెడివారు. నేడు జాబులలో అధికభాగము ఈమెయిళ్లే గావున వాని నకళ్లను వేఱొక సర్వరులో భద్రపఱచుచున్నాము. అవుట్‌లుక్ వంటి ప్రోగ్రామునకు తగిలించుకొని ఆ భాండారములోని పాతజాబులను వెదకి తీయుటకు వాడు చిన్న సాధనమునకే ప్లగిన్ అని పేరు. అది మనలను లోనికి రానీయక "లాగిన్ విఫలమైనది" అనినచో ఏమి చేయవలయునో ఇచ్చట వివరింతుము.

మొన్నటి వేసవిలో ఎల్లారెడ్డినుండి మా పూర్వవిద్యార్థి యొకడు తండ్రితోగూడ కామారెడ్డికి వచ్చెను. వాని పుట్టినతేదీ సవరణనుగూర్చి 2015లో మాకు వచ్చిన ఈమెయిల్ నకలు మఱునాటిలోగా వానికి కావలసియుండెను. లేనిచో ఉద్యోగపు దరఖాస్తు త్రోసివేయబడును. గుమాస్తాగారు పాస్‌వర్డు కొట్టిరి. ప్లగిన్ ఒప్పుకొనలేదు. ప్రక్కన నిలిచి "మరల కొట్టుడు" అని తొందరపెట్టినవారము మేమే. కొన్ని మార్లు తప్పిన పిమ్మట ఖాతాయే మూతపడెను. దొంగ ఊహించి ఊహించి లోనికి రాకుండుటకై సర్వరు అట్లు చేయును. కావున రెండుసార్లు తప్పినంతనే చేయి తీసి ఆలోచించుట మేలు.

ఈ భాండారమునకు తాళములు రెండు గలవు. మనము భాండారములోనికి పోవుటకు ఒకటి. భాండారము మన ఈమెయిల్ పెట్టెనుండి క్రొత్తజాబులు తెచ్చుకొనుటకు మఱియొకటి. లోనికి పోగలిగియు క్రొత్తజాబులు కనబడనిచో రెండవతాళము చెడినదని తెలియవలయును.

ఆ రెండవతాళము నిన్నటిదాక పనిచేసి నేడు చెడుటకు తఱచుగా కారణము, ప్లగిన్ పాతదగుటయే. పాస్‌వర్డును ఉన్నదున్నట్లు సాధనము చేతికిచ్చి పంపు పద్ధతిని గూగుల్ సంస్థ సామాన్య ఖాతాలకు 2022 మే 30 తరువాత మాన్పింపసాగెను. మైక్రోసాఫ్టు అదే యేడు అక్టోబరు 1 మొదలు తన ఎక్స్ఛేంజి ఆన్‌లైన్‌లో తీసివేయసాగెను. ఇప్పటి పద్ధతికి ఓఆత్ అని పేరు. ఇందు మనము పాస్‌వర్డును ఆ సంస్థ పుటలోనే చూపుదుము. ప్లగిన్‌కు దక్కునది కొంతపనికి మాత్రమే చెల్లు చీటి. ఇంటితాళపుచెవి నియ్యక పాలవానికి టోకెను ఇచ్చినట్లు! ఈ పద్ధతి నెఱుగని ప్లగిన్‌లో ఎంత సరియైన పాస్‌వర్డు కొట్టినను వ్యర్థమే. దానిని క్రొత్తకూర్పునకు మార్చవలయును. గూగుల్ ఖాతాకు రెండంచెల పరీక్ష పెట్టుకొన్నవారు 16 అక్షరముల యాప్ పాస్‌వర్డు పొందవచ్చును గాని, అసలు పాస్‌వర్డు మార్చినపుడు అది రద్దగును. ఈ సంగతి చాలమంది మఱచుచుందురు.

కంప్యూటరు తేదీని గూడ చూడుడు. లోపలి బిళ్ళబ్యాటరీ అయిపోయిన పాతయంత్రము సెలవుల తరువాత తెఱువగా ఏండ్ల వెనుకటి తేదీ చూపును. అప్పుడు సర్వరు యొక్క ధ్రువపత్రము ఆ యంత్రమునకు చెల్లనిదిగా దోచును. పాస్‌వర్డు సర్వరుదాక పోనేపోదు. పాస్‌వర్డు మార్చిన పిదప విండోస్ తనలో దాచుకొన్న పాతదానినే పంపుటయు కలదు. దానిని క్రెడెన్షియల్ మేనేజరులో తుడిచివేయవలయును.

మా కార్యాలయమున జరిగినది వీనిలో నేదియు కాదు. ఖాతా తెఱచుకొనువఱకు కూర్చుండియున్న సమయమున ఆ పిల్లవాడే తెర క్రింది కుడిమూలను చూపి, "అయ్యా, కీబోర్డు తెలుగులో నున్నది" అనెను. ఉదయము తెలుగున ప్రకటన టైపుచేసి మార్చుట మఱచితిమి. చుక్కల చాటున తెలుగక్షరములే పడుచుండెను! పాస్‌వర్డు గడిలోని కంటిగుర్తు నొక్కియుండినచో మొదటిసారియే తెలిసెడిది.

లోనికి పోయి "కామారెడ్డి జిల్లా" అని వెదకగా ఆ జాబు దొరకలేదు. 2016 అక్టోబరు 11కు ముందు మనది నిజామాబాదు జిల్లాయే కదా! ఆ పేరుతో వెదకినంతనే దొరకెను. అచ్చువేసిన కాగితమును తండ్రి మడిచి జేబులో నుంచుకొనెను. ఎల్లారెడ్డి బస్సునకు ఇంకను వేళ మిగిలియుండెను.