ఉమ్మడి ఏఐ: షార్జా పార్క్ పాత్ర

2017 అక్టోబరులో యూఏఈ కృత్రిమ మేధ వ్యూహాన్ని ప్రకటించి, ఆ రంగానికి ఒమర్ అల్ ఒలామాను సహాయ మంత్రిగా నియమించింది. పోటీ పరీక్షలకు చదివేవారు ఈ సంవత్సరం, పేరు దగ్గరే ఆగిపోతారు. అయితే వ్యూహం అమలయ్యేది మంత్రిత్వ శాఖలో కాదు, విశ్వవిద్యాలయానికీ పరిశ్రమకూ మధ్య పనిచేసే కేంద్రాల్లో. 2016లో ఏర్పడిన షార్జా రీసెర్చ్, టెక్నాలజీ అండ్ ఇన్నోవేషన్ పార్క్ అలాంటిదే. నమూనాలు తయారుచేసుకునే ‘సోయిల్యాబ్’ ఇందులోనే ఉంది. ఒక విశ్వవిద్యాలయ విభాగానికి గణితం తెలుసు, ఒక కంపెనీకి సమస్య తెలుసు; డేటా ఎవరిది, ఫలితంపై హక్కెవరిది అన్న ఒప్పందం మూడోవారు కుదర్చాలి. నా దృష్టిలో కేంద్రానికి అసలు పని అదే.

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలోని చిన్న వర్క్‌షాపులకు ఇవన్నీ ఎందుకని అడగవచ్చు. యంత్రం ఎప్పుడు ఆగిందో కాగితం మీదైనా రాయని చోట ఏఐకి ఆధారమే లేదన్నది నిజం. కానీ ఒక్కో షాపు విడిగా చేయలేని ఆ నమోదును ఉమ్మడి ప్రాజెక్టు చేయగలదు. ఇలాంటి ఉమ్మడి పనికి మన దగ్గరా ఉదాహరణ ఉంది: భారతీయ భాషల అనువాద వేదిక భాషిణిలో (2022) ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ సహా పలు సంస్థలు భాషా డేటాపై కలిసి పనిచేశాయి. ప్రశ్న వస్తే సంవత్సరంతో పాటు ఇలాంటి కేంద్రాల పాత్రను కూడా రాయండి.