సాఫ్ట్‌వేర్ తాళాలు – హలాల్, హరామ్

డి.టి.పి. సెంటర్లు, కంప్యూటర్ మరమ్మతు దుకాణాలు నడుపుకునే మన యువకులు మమ్మల్ని తరచూ అడిగే మసలా ఇది: "డబ్బు పెట్టి కొనని సాఫ్ట్‌వేర్ మీద పని చేస్తున్నాం. ఈ సంపాదన హలాలేనా?" దానికి తోడు మరో మాట కూడా అంటారు: "మౌలానా సాబ్, కొన్నవాణ్ణే కంపెనీ దొంగలా చూస్తుంది. తాళం పగలగొట్టినవాడు హాయిగా వాడుకుంటాడు." ఈ రెండో మాటలో నిజముంది. అందుకే ముందు దాన్ని చూద్దాం.

2001లో మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ ఎక్స్‌పీని విడుదల చేస్తూ 'యాక్టివేషన్' అనే షరతు పెట్టింది. డబ్బాతో వచ్చిన 25 అక్షరాల సంకేతాన్ని టైపు చేస్తే సరిపోదు. మన కంప్యూటర్ భాగాల వివరాలతో తయారైన ఒక సంఖ్యను ఇంటర్నెట్ ద్వారానో, ఫోను ద్వారానో కంపెనీకి తెలిపి అనుమతి పొందాలి. 30 రోజుల్లోగా ఆ పని చేయకపోతే కంప్యూటర్ లోపలికి రానివ్వదు. తర్వాత ముఖ్యమైన భాగాలు కొన్ని మారితే మళ్లీ అనుమతి అడగాలి. ఇంటర్నెట్ అందరి ఇళ్లలో లేని రోజులవి. 2007 ఆగస్టులో ఆ కంపెనీ తనిఖీ వ్యవస్థే చెడిపోయి, సుమారు 19 గంటలపాటు, సొమ్ము చెల్లించి కొన్నవారికి కూడా 'మీది నకిలీ' అని చెప్పింది.

వెల తీసుకున్నాక కొన్నవాడి హక్కును ఆటంకం లేకుండా అప్పగించటం అమ్మినవాడి బాధ్యత. షరతులేమైనా ఉంటే బేరానికి ముందే చెప్పాలి, లోపాన్ని దాచకూడదు. తన తప్పు లేకుండా తాళం పడినవాడు మజ్లూమ్. అతను గట్టిగా అడగవచ్చు, వినియోగదారుల కమిషన్‌కు కూడా వెళ్లవచ్చు. అయితే ఈ ఫిర్యాదు కొన్నవాడిది. ఒక్క రూపాయి ఇవ్వనివాడు కొన్నవాడి బాధను తనకు దలీలుగా చూపించటం ఎలా చెల్లుతుంది?

ఇక అసలు మసలా. చేతికి దొరకని వస్తువును 'మాల్' అనవచ్చా? హనఫీ ఫుఖహా దీన్ని లోతుగా చర్చించారు. ముఫ్తీ ముహమ్మద్ షఫీ (రహ్మతుల్లాహి అలైహ్) గ్రంథకర్త ముద్రణ హక్కు అమ్మకాన్ని అంగీకరించలేదు. ఆయన కుమారుడు ముఫ్తీ తఖీ ఉస్మానీ సాహెబ్ మాత్రం, వ్యాపార లోకపు ఉర్ఫ్‌లో ఇది మాల్‌గా స్థిరపడిందని, కనుక దాని అమ్మకం చెల్లుతుందని రాశారు. తండ్రిపట్ల ఎంత గౌరవం ఉన్నా దలీలు దగ్గర వేరుపడటం మన ఉలమాల సంప్రదాయమే. 1988 డిసెంబరులో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్‌హ్ అకాడమీ కూడా రచన, ఆవిష్కరణ, వ్యాపార చిహ్నం వంటి హక్కులకు షరీఅత్ రక్షణ ఉందనీ, వాటిని ఉల్లంఘించటం తగదనీ తీర్మానించింది. మేమూ ఈ అభిప్రాయాన్నే స్వీకరిస్తున్నాం.

పాత ఫత్వాను పట్టుకుని క్రాక్ వాడేవారు ఒక సంగతి మరచిపోతున్నారు. సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు 'షరతులకు అంగీకరిస్తున్నాను' అని నొక్కుతున్నాం కదా! అది వాగ్దానం. ఒప్పందాలను నెరవేర్చమని సూరా మాయిదా మొదటి ఆయతులోనే ఆజ్ఞ ఉంది. మరొకరి సంకేతం టైపు చేయటం అబద్ధం చెప్పటమే. పైగా దొంగ ప్రతి అని తెలిసీ కంప్యూటర్‌లో వాడటం మన దేశ కాపీరైటు చట్టం 63బి సెక్షను కింద నేరం. న్యాయబద్ధంగా కొన్నవాడు జాగ్రత్త కోసం ఒక ప్రతి దాచుకోవటాన్ని మాత్రం అదే చట్టం అనుమతిస్తుంది.

"అది ముస్లిమేతరుల కంపెనీ, కోట్లున్నవాళ్లు, వారికి నష్టమేమిటి?" అనేవారూ ఉన్నారు. దైవప్రవక్త (స) హిజ్రత్ రాత్రి హజ్రత్ అలీ (రజి)ని మక్కాలో ఎందుకు ఉంచారో వీరు గుర్తు చేసుకోవాలి. తనను చంపాలని చూస్తున్న ఖురైష్ ప్రజల అమానతులను వారికి తిరిగి అప్పగించటానికే! అదీగాక, నష్టపోయేది అమెరికా వారొక్కరే కాదు. ఉర్దూ పత్రికలు, మదర్సాలు ఏళ్ల తరబడి ఆధారపడిన ఇన్‌పేజ్ ఢిల్లీ సంస్థ 1994లో తయారు చేసింది. దీని దొంగ ప్రతులు కూడా విస్తారంగా తిరిగాయి. నస్తాలీఖ్ అక్షరాన్ని తెరమీదికి తెచ్చినవారి కష్టఫలితాన్ని, ఆ అక్షరంలో దీన్ పుస్తకాలు అచ్చువేసుకునే మనమే తినేశాం.

ఇప్పటిదాకా సంపాదించినది మొత్తం హరామా అంటే, కాదు. కూర్చుని టైపు చేసిన శ్రమకు తీసుకున్న కూలి శ్రమ ఫలితమేనని అనేకమంది ఉలమాలు చెప్పారు. కాని హక్కును అతిక్రమించిన పాపం వేరుగా ఉంటుంది. దానికి తౌబా చేయాలి, ఆ ప్రతిని తీసేయాలి, స్తోమత కలగగానే అసలు ప్రతి కొనుక్కోవాలి. కొనేటప్పుడు ఒకటి కనుక్కోండి. కంప్యూటర్‌తో పాటు వచ్చే విండోస్ లైసెన్సు సాధారణంగా ఆ యంత్రానికే పరిమితం. విడిగా కొన్నదైతే పాత దానిలో తీసేసి కొత్త దానికి మార్చుకోవచ్చు.

స్తోమత లేనివారికీ దారి ఉంది. లినక్స్, లిబ్రేఆఫీస్ ఉచితం, వాటికి యాక్టివేషన్ లేదు. తెలుగు, ఉర్దూ రెండూ రాసుకోవచ్చు. నస్తాలీఖ్‌కు నోటో నస్తాలీఖ్ ఉర్దూ అనే ఫాంటు ఉచితంగానే దొరుకుతుంది. అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది, మొదట్లో పని మందగిస్తుంది, అది నిజమే.

మరమ్మతు దుకాణం నడిపే సోదరుడి సంగతి కొంచెం భిన్నం. గిరాకీ వచ్చి "క్రాక్ వేసి ఇవ్వండి" అంటాడు. ఆ పనికి కూలి తీసుకోవటం పాపంలో సహకరించటమే కనుక అది తీసుకోరాదు. కాని అదే లాప్‌టాప్‌లో లినక్స్ ఎక్కించి, అక్షరాలు అమర్చి, వాడే విధానం అరగంట కూర్చుని నేర్పితే ఆ కూలి నిస్సందేహంగా హలాల్. గిరాకీ ఒప్పుకోకపోతే లాప్‌టాప్ అలాగే తిరిగి ఇచ్చేయాలి.