టొరెంట్, క్విక్ షేర్, మెమరీ కార్డు: ఫైలు పంచుకుంటే తప్పా?
తరచూ అడిగే ప్రశ్నలు

మధ్యలో పెద్ద కంపెనీ సర్వర్ లేకుండా ఫైలు ఒకరి యంత్రం నుంచి మరొకరి యంత్రానికి నేరుగా చేరడాన్ని పీర్-టు-పీర్ అంటారు. 1999లో నాప్‌స్టర్‌తో ఇది జనానికి పరిచయమైంది. 2001లో బ్రామ్ కోహెన్ రాసిన బిట్‌టొరెంట్‌తో ప్రపంచమంతా పాకింది. యూట్యూబ్, ఓటీటీలు ఇంటింటికీ వచ్చాక దీని పని అయిపోయిందనుకునేవాళ్లే ఎక్కువ. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల సంగతి చూస్తే ఆ మాట నిజం కాదు. రూపం మారింది, అవసరం మిగిలే ఉంది. దానితోపాటు భయాలూ అపోహలూ మిగిలాయి. ఈ ప్రశ్నలు వాటి గురించే.

టొరెంట్ యాప్ ఫోన్లో ఉంటేనే నేరమా?

కాదు. టొరెంట్‌ను నిషేధించిన చట్టం మన దేశంలో లేదు. ఉబుంటు, డెబియన్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్‌లను వాటి తయారీదారులే టొరెంట్‌గా ఇస్తారు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని లక్షల పాత పుస్తకాలకు టొరెంట్ లింకు ఉంటుంది. విండోస్ 10 నుంచి మైక్రోసాఫ్ట్ కూడా అప్‌డేట్లను పక్క కంప్యూటర్ల నుంచి తెచ్చుకునే ఏర్పాటు పెట్టింది. చట్టం చూసేది పంచిన పద్ధతిని కాదు, పంచిన వస్తువును: అది ఎవరిది, వాళ్ల అనుమతి ఉందా, మీరు దాని మీద డబ్బు చేసుకున్నారా అని.

డేటా ఇంత చవకయ్యాక ఇంకా ఎవరికి కావాలి?

2016 సెప్టెంబరులో జియో రాకముందు ఇక్కడి కుర్రాళ్లకు బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండే దిక్కు. కొన్ని ప్లాన్లలో రాత్రి 2 నుంచి ఉదయం 8 దాకా వాడకానికి లెక్క ఉండేది కాదు. 2 గంటలకు డౌన్‌లోడ్ మొదలయ్యేట్టు కంప్యూటర్‌కు చెప్పి పడుకునేవారు. ఇంజినీరింగ్ హాస్టళ్లలో ఒకరు దించింది డీసీ++ అనే షేరింగ్ ప్రోగ్రామ్ ద్వారా అన్ని గదులకూ చేరేది. ఆ రోజులు పోయాయి.

పోనిది మరొకటి ఉంది. ఉట్నూరు, నార్నూరు, తిర్యాణి వైపు అడవిలోకి వెళ్తే సిగ్నల్ నిలవని గూడేలు ఇప్పటికీ తగులుతాయి. అక్కడ ఫైలు ఫోన్ నుంచి ఫోన్‌కే నడవాలి. కీవిక్స్ అనే ఉచిత యాప్‌తో తెలుగు వికీపీడియాను ఒక ఫైలుగా దించుకోవచ్చు. ఆదిలాబాద్‌లో ఒక టీచర్ దాన్ని ఒకసారి దించుకుంటే చాలు. ఊరికి వెళ్లాక ఇంటర్నెట్ లేకుండానే బడిలోని ఫోన్లన్నింటికీ ఇవ్వవచ్చు. వికీపీడియా వ్యాసాలు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉన్నాయి కాబట్టి అందులో రవ్వంత తప్పు కూడా లేదు. ఎక్కడిదో చెప్పాలి, మార్చి పంచితే అదే షరతుతో పంచాలి, అంతే.

నార్నూరు మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల గోండి లిపి 2018 జూన్‌లో యూనికోడ్‌లో చేరింది. దాని కోసం గూగుల్ వాళ్ల నోటో వరుసలో ఒక ఫాంటు ఉంది. అది స్వేచ్ఛా లైసెన్సుతో వచ్చింది కాబట్టి ఎవరైనా ఎవరికైనా ఇవ్వవచ్చు. ఒక లిపి బతకాలంటే ఫాంటు చేతులు మారుతూ ఉండాలి. పీర్-టు-పీర్‌కు ఇంతకంటే మంచి పని నాకు కనబడదు.

కొత్త సినిమా టొరెంట్‌లో దించుకుంటే ఏమవుతుంది?

టొరెంట్‌లో దించుకోవడం ఒక్కటే ఉండదు. మీ ఫోన్‌కు చేరిన ముక్కలను అదే సమయంలో మీ ఫోన్ ఇంకొకరికి పంపుతుంటుంది. ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం. అంటే మీకు తెలియకుండానే పంపిణీదారులు అవుతారు. పైగా మీ ఐపీ అడ్రస్ ఆ ఫైలును పంచుకుంటున్న అందరికీ కనబడుతుంది.

1957 కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ ప్రకారం తెలిసి హక్కును ఉల్లంఘిస్తే 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా. వ్యాపార లాభం కోసం చేయలేదని తేలితే, కోర్టు కారణాలు రాసి అంతకంటే తక్కువ శిక్ష వేయవచ్చు. ఈ నేరం కాగ్నిజబుల్, నాన్-బెయిలబుల్ అని 2022 మేలో నిట్ ప్రో కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయవచ్చు, బెయిలు కోర్టు ఇవ్వాలి.

థియేటర్‌లో ఫోన్ పెట్టి రికార్డు చేసేవారికి ఇంకో చట్టం ఉంది. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం కింద 3 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, కనీసం 3 లక్షల జరిమానా. అది సినిమా నిర్మాణ ఖర్చులో 5 శాతం దాకా పెరగవచ్చు.

దించుకోకుండా సైట్‌లో చూస్తే?

2016లో ‘డిషూమ్’ సినిమా కేసులో బాంబే హైకోర్టు న్యాయమూర్తి గౌతమ్ పటేల్ ఈ విషయంలో స్పష్టంగా మాట్లాడారు. కేవలం చూడటం నేరం కాదని, హక్కుదారుకు నష్టం కలిగేలా పంచడం, బహిరంగంగా ప్రదర్శించడం, అనుమతి లేకుండా అమ్మడం, అద్దెకివ్వడం నేరమని అన్నారు. అంతమాత్రాన అది మంచి పని అని కాదు. 2025 నవంబరులో పైరసీ సైటు ఐబొమ్మ కేసులో హైదరాబాద్ పోలీసులు చేసిన అరెస్టు చూడండి. వారు పట్టుకున్నది సైటు నడుపుతున్నాడన్న ఆరోపణ ఉన్న మనిషిని, చూసినవారిని కాదు. టొరెంట్‌లో మాత్రం చూసేవారికీ పంచేవారికీ మధ్య గీత ఉండదు. ఆ తేడా గుర్తుంచుకోండి.

బస్టాండ్ దగ్గరి సెల్ షాపులో మెమరీ కార్డులో పాటలు, సినిమాలు వేయించుకుంటాం. అదీ ఇంతేనా?

షాపు వారికి ఇదే అన్నిటికంటే ప్రమాదం. కౌంటర్ మీద కంప్యూటర్, దానికి కార్డు రీడర్, గిరాకీ రాగానే ‘కొత్తవా, పాతవా?’ అని అడిగి పది, ఇరవై రూపాయలకు కార్డు నింపి ఇవ్వడం మామూలు సంగతిలా కనబడుతుంది. కానీ లాభం కోసం కాపీ చేసి అమ్మడమంటే ఇదే. తక్కువ శిక్ష అడిగే వెసులుబాటు ఇక్కడ దొరకదు. కాపీరైట్ చట్టం 64వ సెక్షన్ కింద ఎస్ఐ స్థాయి అధికారి వారెంటు లేకుండా ఆ కాపీలను, వాటిని తయారుచేసిన సామగ్రిని పట్టుకుపోవచ్చు. రెండోసారి దొరికితే కనీసం ఏడాది జైలు.

2013 సెప్టెంబరులో ‘అత్తారింటికి దారేది’ విడుదలకు ముందే సగం సినిమా బయటికి వచ్చినప్పుడు కృష్ణా జిల్లా పెడనలో కాపీలు అమ్ముడవుతున్నట్టు బయటపడింది. నిర్మాత విడుదలను ముందుకు జరిపి సెప్టెంబరు 27న తెచ్చుకోవాల్సి వచ్చింది. ఆ లీకు ఏ టొరెంట్ లోంచీ పుట్టలేదు, సినిమా దగ్గరున్నవారి చేతుల్లోంచే జారింది.

షేరిట్, జెండర్ నిషేధించారు కదా. పాత ఫోన్లో ఉంటే పట్టుకుంటారా?

2020 జూన్ 29న కేంద్రం నిషేధించిన 59 యాప్‌లలో ఈ రెండూ ఉన్నాయి. ఐటీ చట్టం 69ఏ కింద ఇచ్చే ఆదేశం యాప్ స్టోర్లకు, నెట్ కంపెనీలకు వర్తిస్తుంది. పాటించకపోతే శిక్ష వారికే. ఫోన్లో యాప్ మిగిలిపోయిన మనిషికి ఆ సెక్షన్‌లో శిక్ష లేదు. అయినా తీసేయండి. భద్రతా అప్‌డేట్లు రాని యాప్‌కు ఫోన్లోని ఫైళ్లన్నీ అప్పగించడం మంచిది కాదు. ఆండ్రాయిడ్‌లో క్విక్ షేర్ ఇప్పటికే ఉంది. బ్లూటూత్‌తో పక్క ఫోన్‌ను వెతికి, వైఫై ద్వారా నేరుగా పంపుతుంది, డేటా ఖర్చు కాదు.

సినారె పుస్తకాల పీడీఎఫ్‌లు గ్రూపుల్లో తిరుగుతున్నాయి. పంపవచ్చా?

పంపకూడదు. రచయిత చనిపోయిన ఏడాది తర్వాత 60 ఏళ్లు హక్కు వారసులకో, వారు ఇచ్చినవారికో ఉంటుంది. హనుమాజిపేట బిడ్డ సి.నారాయణరెడ్డి 2017లో కన్నుమూశారు. ఆయన రచనల మీద హక్కు 2077 చివరిదాకా ఉంటుంది. సురవరం ప్రతాపరెడ్డి 1953లో పోయారు కాబట్టి ఆయన బతికుండగా అచ్చయిన రచనలు 2014 నుంచి అందరివీ. అనువాదానికి వేరే హక్కు ఉంటుంది. ‘వేయిపడగలు’ రాసిన విశ్వనాథ 1976లో పోయారు, దాన్ని ‘సహస్రఫణ్’గా హిందీలోకి తెచ్చిన వంగర పి.వి.నరసింహారావు 2004లో. అసలు నవల 2037లో స్వేచ్ఛ పొందుతుంది, హిందీ అనువాదం 2065 దాకా ఆగాలి.

మీ చదువు కోసం, పరిశోధన కోసం కొంత భాగం కాపీ చేసుకోవడాన్ని కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ అనుమతిస్తుంది. మొత్తం పుస్తకాన్ని వేల మంది ఉన్న గ్రూపులో పెట్టడానికి ఆ సెక్షన్ రక్షణ ఇస్తుందని నేను అనుకోను.

ఒగ్గు కథలు, జానపదాలు ఎవరి సొత్తూ కాదు కదా?

ఎవరు కట్టారో తెలియని పాత పాట మీద ఎవరికీ హక్కు లేదు. దాన్ని పాడిన రికార్డింగు మీద ఉంది, 60 ఏళ్లు. పాడిన కళాకారుడికి ప్రదర్శన హక్కు 50 ఏళ్లు ఉంటుంది. మిద్దె రాములు చెప్పిన ఒగ్గు కథ క్యాసెట్‌ను ఎంపీ3గా మార్చి పంచితే, మల్లన్న కథ అందరిదైనా ఆ గొంతుకు హక్కు ఉందని మరవకూడదు. ఈ విషయంలో మనవాళ్లకే ఎక్కువ అన్యాయం జరుగుతోంది. ఊళ్లో రికార్డు చేసుకున్న పాటను పట్నంలో ఎవరో ఎత్తుకుపోతే, ఫిర్యాదు చేసే దారి కూడా ఈ చట్టమే.

మీరే కళాకారులైతే, మీ పాట ఊరూరా తిరగాలని కోరుకుంటే, ఫైలు మొదట్లోనే ‘ఉచితంగా పంచుకోవచ్చు, అమ్మకూడదు’ అని చెప్పేయండి. ఆ ఒక్క మాటతో పంచేవాడి భయం పోతుంది.

డీటీపీ, ఫ్లెక్సీ షాపులో క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్?

తెలిసి వాడటమే నేరం. కాపీరైట్ చట్టం 63బి కింద 7 రోజుల నుంచి 3 ఏళ్ల జైలు. వ్యాపారానికి కాకపోతే జైలు లేకుండా 50 వేల దాకా జరిమానాతో కోర్టు సరిపెట్టవచ్చు, షాపుకు ఆ దయ ఉండదు. మండలి, రామభద్ర, సురవరం లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి, కార్డులకూ కరపత్రాలకూ చక్కగా సరిపోతాయి.

గ్రూపులో పిల్లల అశ్లీల వీడియో వచ్చిపడితే?

వెంటనే ఫిర్యాదు చేయండి. ఇక్కడ పంచడం వరకే కాదు, ఉంచుకోవడమూ నేరమేనని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. సైబర్ క్రైమ్ నంబరు 1930.

పోలీసులు ఫోన్ పట్టుకుంటే నా హక్కులేమిటి?

7 ఏళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో అరెస్టు అవసరం లేదనుకుంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 35(3) కింద నోటీసు ఇవ్వాలి. మీరు హాజరవుతున్నంత వరకు, కారణాలు రాయకుండా అరెస్టు చేయకూడదు. సోదా, స్వాధీనం వీడియో తీయాలి, తీసుకున్న వస్తువుల జాబితా సాక్షుల సంతకాలతో రాయాలి. జాబితాలో ఫోన్ మోడల్, మెమరీ కార్డు రాశారో లేదో చూసుకునే సంతకం పెట్టండి, ఒక కాపీ అడగండి. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయవాదిని ఇస్తారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి.