పంపడం వేరు, చేరడం వేరు: దత్తాంశ ప్రసారంలో ప్రథమ పాఠం

ఒక చోట ఉన్న సమాచారాన్ని మరొక చోటికి చేర్చే ప్రతి ఏర్పాటులోనూ అయిదు అంగాలు ఉంటాయి. పంపే సాధనం ప్రేషకం, అందుకొనే సాధనం గ్రాహకం. ఆ రెండింటి నడుమ ఉన్న దారి మాధ్యమం, ఆ దారిలో సాగేది సందేశం. ఇరువైపుల వారూ ముందుగా అంగీకరించి పాటించే నియమావళి ప్రోటోకాల్. మొదటి నాలుగూ సక్రమంగా ఉన్నా, నియమావళి లేకపోతే సందేశం అర్థం కాదు. చేరిందో లేదో కూడా తెలియదు.

అక్షరం అంకెగా మారే విధం

కంప్యూటర్‌కైనా సెల్‌ఫోన్‌కైనా తెలిసిన స్థితులు రెండే: 0, 1. వీటిలో ఒక్కొక్కటి ఒక బిట్. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైట్. ప్రతి లిపిచిహ్నానికీ ఒక సంఖ్యను నిర్ణయించి, ఆ సంఖ్యను బిట్లుగా మార్చి పంపుతారు. ప్రపంచంలోని అనేక లిపులకు సంఖ్యలు కేటాయించిన యూనికోడ్ పట్టికలో తెలుగుకు 128 స్థానాలు ఉన్నాయి. ‘తెలుగు’ అనే మాట కంటికి మూడు అక్షరాలే. యూనికోడ్ లెక్కలో మాత్రం త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అని ఆరు చిహ్నాలు.

ఈ లెక్క నిత్యజీవితంలోనూ కనిపిస్తుంది. ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేది 140 బైట్లు. ఆంగ్ల అక్షరానికి 7 బిట్లు చాలు కాబట్టి అందులో 160 అక్షరాలు ఇముడుతాయి. తెలుగు చిహ్నానికి సాధారణంగా 16 బిట్లు కావాలి కాబట్టి 70 మాత్రమే ఇముడుతాయి. అంతకు మించిన సందేశం ముక్కలుగా వెళ్ళి, అవతలి ఫోన్‌లో తిరిగి ఒక్కటవుతుంది.

సంకేతం, దాని ప్రయాణం

బిట్లు అంకెల రూపంలో ప్రయాణించవు. రాగితీగలో విద్యుత్ పీడనపు హెచ్చుతగ్గులుగా, గాజు తంతువులో కాంతి మెరుపులుగా, గాలిలో రేడియో తరంగాలుగా సాగుతాయి. ఈ రూపాన్నే సంకేతం అంటారు. గాజు తంతువులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. బెంగళూరు నుంచి హైదరాబాదుకు రోడ్డు దారి దాదాపు 570 కిలోమీటర్లు. అంత పొడవైన తంతువును దాటడానికి కాంతికి సెకనులో వెయ్యోవంతులు మూడు చాలు. కనుక దేశం లోపల జరిగే ఆలస్యానికి చాలా సందర్భాల్లో దూరం కారణం కాదు. దారిలోని రద్దీ, బలహీనమైన సంకేతం, తిరిగి పంపవలసి రావడం కారణాలు.

సంకేతానికి శత్రువులు రెండు. మొదటిది క్షీణత. దూరం పెరిగే కొద్దీ సంకేతం బలం తగ్గుతుంది. కార్యాలయాల్లో వాడే రాగి నెట్‌వర్క్ కేబుల్‌ను అందుకే 100 మీటర్లకు మించి లాగరు. రెండవది అవాంతర సంకేతం, అంటే నాయిజ్. వంటింటి మైక్రోవేవ్ ఓవెన్, సాధారణ వైఫై 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోని తరంగాలనే వాడుతాయి. ఓవెన్ పక్కనే రూటర్ పెడితే వైఫై తడబడవచ్చు.

పాత అనలాగ్ పద్ధతిలో క్షీణించిన సంకేతాన్ని పెద్దది చేస్తే, అందులో కలిసిన నాయిజ్ కూడా పెద్దదయ్యేది. జిరాక్సుకు జిరాక్సు తీసిన కొద్దీ కాగితం మసకబారినట్లే ఇది. డిజిటల్ పద్ధతిలో మధ్యనున్న సాధనం వచ్చింది 0 లేదా 1 అని నిర్ణయించి, కొత్త సంకేతాన్ని సృష్టించి పంపుతుంది. మసకబారిన కాగితాన్ని చదివి, తిరిగి టైపు చేయడంతో దీనిని పోల్చవచ్చు.

తప్పును పట్టే ఉపాయం

టైపు చేసేవారు ఒక అక్షరం పొరపాటున చదివినట్లే, సాధనమూ ఒక బిట్‌ను తప్పుగా గ్రహించవచ్చు. దానిని పట్టడానికి అదనపు బిట్లు జతచేస్తారు. 1011001 అనే వరుసలో 1లు నాలుగు, సరి సంఖ్య. 1ల సంఖ్య ఎప్పుడూ సరిగా ఉండాలన్న నియమం ప్రకారం చివర 0 చేర్చి పంపుతారు. దారిలో ఒక బిట్ తారుమారైతే 1ల సంఖ్య బేసి అవుతుంది, తప్పు బయటపడుతుంది. రెండు బిట్లు మారితే ఈ ఉపాయం పనిచేయదు కాబట్టి ఇంతకంటె పటిష్ఠమైన గణిత పద్ధతులు వాడుతారు.

పెద్ద సందేశాన్ని ప్యాకెట్లుగా విభజించి, ఒక్కొక్క దానికి చిరునామా, వరుస సంఖ్య, తనిఖీ బిట్లు జతచేస్తారు. సరిగా అందిన వాటికి గ్రాహకం రసీదు పంపుతుంది. వాట్సాప్‌లో ఒక టిక్ సందేశం బయలుదేరిందనీ, రెండు టిక్‌లు అవతలి ఫోన్‌కు చేరిందనీ తెలుపుతాయి.

రసీదు రానప్పుడు

రసీదు రాలేదంటే సందేశం దారిలో పోయి ఉండవచ్చు. లేదా సందేశం చేరి, రసీదే పోయి ఉండవచ్చు. ఈ రెండింటిలో ఏది జరిగిందో ప్రేషకానికి తెలిసే మార్గం లేదు. అందుకే యంత్రం కొంతసేపు వేచి, అదే వరుస సంఖ్యతో మళ్ళీ పంపుతుంది. మొదటిది ముందే అంది ఉంటే గ్రాహకం ఆ సంఖ్యను గుర్తించి రెండవదాన్ని విడిచిపెడుతుంది. నష్టం కలగదు.

యూపీఐ చెల్లింపులో ‘పెండింగ్’ అని కనిపించినప్పుడు ఇదే సూత్రం గుర్తుంచుకోవాలి. సొమ్ము పోలేదని ఆ మాటకు అర్థం కాదు. తుది సమాధానం ఇంకా రాలేదని మాత్రమే అర్థం. మనిషి మరొకసారి చెల్లింపు మీట నొక్కితే యంత్రం వలె పాత సంఖ్యతో పంపినట్లు కాదు. కొత్త సంఖ్యతో కొత్త చెల్లింపు మొదలవుతుంది, రెండూ చేరవచ్చు. ఇంటి అద్దె గాని, ఊరిలోని పెద్దలకు పంపే ఖర్చులు గాని రెండుసార్లు పోయే ప్రమాదం ఇక్కడే ఉంది. కనుక పాత చెల్లింపు సంఖ్యతోనే స్థితిని పరిశీలించి, అవతలివారి ఖాతాను చూడమని అడగడం క్షేమం.

ఖాతాలో తగ్గిన సొమ్ము అవతలికి చేరకపోతే, రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం వ్యక్తికి పంపినదైతే మరుసటి రోజు లోపల, దుకాణానికి చెల్లించినదైతే 5 రోజుల లోపల తిరిగి జమ కావాలి. గడువు దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం లభించాలి. ఆ సొమ్ము తిరిగి రావడానికి పిన్ చెప్పవలసిన అవసరం ఎంతమాత్రం లేదు. అడిగినవారెవరైనా సరే, చెప్పకూడదు.