రాకడ కోసం ఎదురుచూసేవాడి పని

ఒంగోలు

చిరంజీవి అబ్బాయికి,

నువ్వు ఫోనులో చెప్పిన సంగతి మీ నాన్న వచ్చి చెప్పాడు. ఈ నెలాఖరుకు ఉద్యోగానికి రాజీనామా ఇస్తానన్నావట. ప్రభువు రాకడ దగ్గరపడింది, ఇంకా ఈ లోకపు పనులు పట్టుకుని వేలాడడమెందుకు, పూర్తికాల సేవలోకి వస్తానన్నావట. మీ నాన్న బెంబేలెత్తిపోయాడు. నాకు మాత్రం భయం వేయలేదు నాన్నా. బాప్తిస్మం తీసుకుని ఏడాది తిరక్కముందే ప్రభువు కోసం అన్నీ వదులుకోవాలనే ఆశ పుట్టడం మంచి సంగతే. అయితే ఆ కాగితం ఇచ్చే ముందు నువ్వొక ఉత్తరం చదవాలి. పౌలు థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక. నీ మనసులో ఉన్న ప్రశ్నే వాళ్ల మనసుల్లోనూ ఉండేది.

బైబిల్లో అది చాలా వెనక వస్తుంది గానీ, కాలాన్నిబట్టి చూస్తే పౌలు పత్రికల్లో మొట్టమొదటిది ఇదేనని ఎక్కువమంది పండితుల మాట. గలతీ పత్రికే ముందుదనేవాళ్లూ ఉన్నారు. క్రీ.శ. 50, 51 ప్రాంతంలో కొరింథు నుంచి రాశాడు. కొరింథులో పౌలును గల్లియోను న్యాయపీఠం ముందుకు తీసుకెళ్లారని అపొస్తలుల కార్యములు 18లో ఉంది కదా, ఆ గల్లియోను పేరున్న శాసనం గ్రీసులోని డెల్ఫీలో దొరికింది. దాన్నిబట్టే ఆ సంవత్సరాలు లెక్క కట్టగలిగారు. అంటే ప్రభువు సిలువ మరణానికీ పునరుత్థానానికీ తర్వాత ఇంచుమించు ఇరవై ఏళ్లకే ఈ పత్రిక పుట్టింది. ఆయన్ని కళ్లారా చూసినవాళ్లు ఇంకా ఎందరో బతికే ఉన్నారు.

థెస్సలొనీక మాసిదోనియకు ముఖ్యపట్టణం, పెద్ద ఓడరేవు. రోమావాళ్లు వేసిన ఎగ్నేషియా రహదారి ఆ ఊరి మీదుగానే పోయేది. పౌలు, సీల ఫిలిప్పీలో బెత్తపు దెబ్బలు తిని, అంఫిపొలి, అపొల్లోనియ మీదుగా ఆ ఊరు చేరారు. మూడు విశ్రాంతి దినాలు సమాజమందిరంలో లేఖనాలు విప్పి చెప్పారు. కొందరు నమ్మారు, ఊళ్లో అల్లరి రేగింది. అల్లరిమూక వచ్చి యాసోను ఇంటి మీద పడింది. పౌలు దొరక్కపోయేసరికి యాసోనునూ మరికొందరినీ అధికారుల దగ్గరికి ఈడ్చుకెళ్లారు, జామీను తీసుకుని వదిలారు. ఆ రాత్రికి రాత్రే సహోదరులు పౌలును, సీలను బెరయకు పంపించేశారు.

ఆ సంఘం పరిస్థితి ఒక్కసారి ఊహించు. పుట్టి ఎన్నాళ్లో కాలేదు. సువార్త చెప్పినవాడు చీకట్లో ఊరు దాటాల్సి వచ్చింది. సొంత ఊరివాళ్లే పగబట్టారు. చేతిలో మనకున్నట్టు కొత్త నిబంధన లేదు. బెరయ నుంచి ఏథెన్సు చేరిన పౌలు, వాళ్లు నిలబడ్డారో, పడిపోయారో తెలియక అల్లాడిపోయాడు. ఇక ఓర్చుకోలేక, తాను ఒంటరిగా ఉండిపోయినా ఫర్వాలేదని తన తోటి సేవకుడు తిమోతిని వాళ్ల దగ్గరికి పంపాడు. అప్పటికి కొరింథు చేరిన పౌలుకు తిమోతి మంచి కబురు తెచ్చాడు. ఆ కబురు విన్న సంతోషంలో రాసిన ఉత్తరమిది. అందుకే మొదటి మూడు అధ్యాయాల్లో ఇది చెయ్యండి, అది చెయ్యండి అనే మాటలు దాదాపు కనిపించవు. మీరంటే మాకెంత బెంగో, మీరు నిలబడ్డారని తెలిసి మా ప్రాణం ఎలా లేచివచ్చిందో చెప్పుకుంటాడు. తల్లి తన పాపల్ని సాకినట్టు మీ మధ్య మెలిగామంటాడు, కాసేపటికి తండ్రిలా ఒక్కొక్కరికీ బుద్ధి చెప్పామంటాడు. నువ్వు సేవకుడివి కావాలనుకుంటున్నావు గనుక ముందు ఈ మూడు అధ్యాయాలు నెమ్మదిగా చదువు. ఏథెన్సులో కూర్చుని ఎక్కడో ఉన్న కొద్దిమంది కోసం అంత తపించినవాడికే నాలుగో అధ్యాయంలో ఆజ్ఞ ఇచ్చే హక్కు వచ్చింది.

ఇక నీ సంగతి. ఈ పత్రికలో అయిదు అధ్యాయాలుంటే అయిదింటిలోనూ రాకడ ప్రస్తావన ఉంది. రాకడ గురించి పౌలు తేలిగ్గా మాట్లాడాడని ఎవరూ అనలేరు. మరి రాకడను గురించి విస్తారంగా చెప్పబోయే ముందు, నాలుగో అధ్యాయంలో ఆయన వాళ్లకు ఏం చెప్పాడు? నెమ్మదిగా బతకండి, మీ సొంత పనులు చూసుకోండి, మీ చేతులతో కష్టపడండి అన్నాడు. బయటివాళ్ల ముందు మర్యాదగా నడుచుకోవాలని, ఎవరి దగ్గరా చెయ్యి చాచే పరిస్థితి రాకూడదని కారణం కూడా చెప్పాడు. ఆ మాట ముగించి, ఆ వెంటనే ప్రభువు ఆకాశం నుంచి దిగివచ్చే సంగతి ఎత్తుకున్నాడు. పనికీ రాకడకూ మధ్య ఆయనకు ఏ వైరమూ కనపడలేదు.

చెప్పడమే కాదు, చేసి చూపించాడు. ఎవరికీ భారం కాకూడదని రాత్రింబవళ్లు పనిచేస్తూనే మీకు సువార్త ప్రకటించామని రెండో అధ్యాయంలో వాళ్లకు గుర్తు చేస్తాడు. ఆయన వృత్తి డేరాలు కుట్టడం. అది తోలుపనే అయి ఉంటుందని చాలామంది పండితుల అభిప్రాయం. తోలు పరిచి, కత్తితో కోసి, ఆరెతో బెజ్జం పొడిచి, దారం బిగించి లాగేవాడి వేళ్లు ఎలా కాయలు కాస్తాయో, ఆ వాసన ఒంటిని ఎలా అంటిపెట్టుకుంటుందో మన జిల్లావాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఈ పత్రికను చెప్పి రాయించినవాడు ఆ చేతులవాడు. మన ప్రాంతపు సంఘాలకు మొదటి విశ్వాసుల్లో ముఖ్యుడైన ఎర్రగుంట్ల పేరయ్య కూడా తోళ్ల వ్యాపారి. 1866లో భార్యతో కలిసి బాప్తిస్మం పొంది, ఊరూరా తిరిగి సువార్త చెప్పాడు.

ఇంకో సంగతి కూడా నీకు తెలియాలి. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు వచ్చినప్పుడు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నారు. ఆకలితో వచ్చినవాళ్లకు పార, గంప ఇచ్చి, పని చూపించి, కూలి ఇచ్చారు. మన బోధకులే అక్కడ మేస్త్రీలుగా నిలబడ్డారు, విశ్రాంతి వేళల్లో కూలివాళ్ల మధ్య కూర్చుని ప్రభువును గురించి చెప్పారు. గింజల కోసం వచ్చారనే మాట రాకూడదని కరువు సాయం నడిచినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపేశారు. ఆ సాయం ఆగాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. పనికీ సేవకూ పొత్తు కుదరదని నీకు ఎవరు నేర్పారో గానీ, మన సంఘ చరిత్ర మాత్రం ఆ మాట ఒప్పుకోదు.

పూర్తికాల సేవే తప్పని నేననడం లేదు. పౌలు థెస్సలొనీకలో ఉండగా ఫిలిప్పీ సంఘం ఆయనకు ఒకటికి రెండుసార్లు సాయం పంపింది, ఆయన సంతోషంగా పుచ్చుకున్నాడు. మీ మధ్య కష్టపడే పెద్దల్ని ప్రేమతో గౌరవించమని ఈ పత్రికలోనే చెప్పాడు. నీకు నిజంగా పిలుపు ఉంటే అది నాలుగేళ్లు ఆగినా చెదిరిపోదు. నీ జీతంలో సగం చెల్లెలి నర్సింగు ఫీజుకు పోతోంది. రేపు నువ్వు మానేస్తే ఆ భారం మీ నాన్న మీదా, అక్కణ్ణించి సంఘం మీదా పడుతుంది. పౌలు వద్దన్నది సరిగ్గా దాన్నే. పని చెయ్యడం ఇష్టంలేనివాడికి తిండి పెట్టవద్దని రెండో పత్రికలో ఆయన అన్న మాట కొందరు నిరుద్యోగుల మీదికి విసురుతుంటారు. అది అన్యాయం. పని చెయ్యనని కూర్చున్నవాడి గురించి ఆయన అన్నాడు, పని దొరక్క తిరుగుతున్నవాడి గురించి కాదు.

రాకడ తేదీ చెబుతామంటూ వచ్చే, నువ్వు వింటున్న ఆ వీడియోల గురించి కూడా ఒక మాట. కాలాలు, సమయాలు మీకు రాయనక్కర్లేదు, ఆ దినం దొంగ వచ్చినట్టు వస్తుందని పౌలు అయిదో అధ్యాయం మొదట్లోనే చెప్పేశాడు. మరి తేదీ చెప్పగలనంటున్నవాడు పౌలుకు తెలియనిది తనకు తెలుసంటున్నాడన్నమాట. ప్రవచనాన్ని తీసిపారెయ్యవద్దు, అన్నిటినీ పరీక్షించి మంచిదాన్ని పట్టుకోమన్నాడు. ఎలా పరీక్షించాలో రెండో అధ్యాయం చెబుతుంది. మేం ముఖస్తుతి మాటలు ఆడామా, భక్తి ముసుగులో డబ్బు ఆశించామా, మనుషుల మెప్పు కోరామా అని తనను తాను వాళ్ల ముందు నిలబెట్టుకుంటాడు. నీకు బోధించేవాడికీ ఈ మూడు ప్రశ్నలే వెయ్యి. రాకడ తేదీ చెప్పి, ఆలోపు విత్తనపు కానుక పంపమనేవాడి దగ్గర రెండో ప్రశ్నకు జవాబు నీకే దొరుకుతుంది.

ఇప్పుడు నా మనసులో చాలా రోజులుగా ఉన్న సంగతి రాస్తాను. నిరుడు మీ నానమ్మను మట్టి చేసిన రోజు వాక్యం చెప్పడానికి వచ్చినాయన విశ్వాసులు ఏడవకూడదన్నాడు. నువ్వు వెనక వరసలో ఉన్నావు, చూశావో లేదో. మీ నాన్న పెట్టె అంచు పట్టుకుని నిలబడి, కండువా చెంగు నోట్లో కుక్కుకున్నాడు. భుజాలు అదురుతున్నాయి, గొంతులోంచి చప్పుడు మాత్రం రానివ్వలేదు. అమ్మ పోయిన రోజు కొడుకును ఏడవనివ్వని బోధ ఈ పత్రికలో లేదు.

థెస్సలొనీకలో పౌలు వచ్చి వెళ్లాక విశ్వాసుల్లో కొందరు చనిపోయారు. మిగిలినవాళ్లకు దిగులు పట్టుకుంది. ప్రభువు వచ్చేదాకా బతికి ఉండలేకపోయారే, మరి ఆ రోజున వీళ్ల గతేమిటి, మనతోబాటు ఆ సంతోషం చూస్తారా అని. పౌలు జవాబు ఎంత చల్లగా ఉందో చూడు. నిద్రించినవాళ్లు వెనకబడిపోరు, వాళ్లే ముందు లేస్తారు, ఆ తర్వాత మనం, అందరం కలిసి, ఎప్పటికీ ప్రభువుతోనే ఉంటాం అంటాడు. దుఃఖపడవద్దని ఒట్టిగా అని ఊరుకోలేదు, నిరీక్షణ లేనివాళ్లు దుఃఖపడినట్టు మీరు పడకూడదన్నాడు. నిరీక్షణ ఉన్నవాడి కంట్లోనూ నీళ్లుంటాయి. లాజరు సమాధి దగ్గర ప్రభువే కన్నీళ్లు విడిచాడు. ఆఖర్న పౌలు, ఈ మాటలతో ఒకరినొకరు ఆదరించుకోండి అన్నాడు. రాకడ బోధ ఆయన ఇచ్చింది దుఃఖంలో ఉన్నవాళ్లను ఆదరించడానికి. నువ్వు అదే రాకడ పేరు చెప్పి మీ నాన్నకు నిద్ర లేకుండా చేస్తున్నావు. వాడికి ఫోను చేసి నానమ్మ గురించి మాట్లాడు. ఏడిస్తే ఏడవనివ్వు.

పెళ్లి కాని వయసు, ఒంటరి గది, చేతిలో ఫోను. నీకు నాలుగో అధ్యాయం మొదటి ఎనిమిది వచనాలు కూడా కావాలి. దేహాన్ని పవిత్రంగా కాపాడుకోమనీ, ఈ విషయంలో మరొకరికి అన్యాయం చేసేవాడికి ప్రభువే శిక్ష విధిస్తాడనీ పౌలు తేటగా చెప్పాడు. దీనికి నా వ్యాఖ్యానం అక్కర్లేదు, దాపరికం లేకుండా అడిగితే చెబుతాను.

అయిదో అధ్యాయంలో పద్నాలుగో వచనాన్ని మాత్రం తొందరపడి దాటవద్దు. అక్రమంగా తిరిగేవాళ్లకు బుద్ధి చెప్పాలి, ధైర్యం చెడినవాళ్లకు ధైర్యం చెప్పాలి, బలహీనులకు ఊతమివ్వాలి, అందరి దగ్గరా ఓర్పు చూపాలి. సంఘ పెద్దగా ఇన్నేళ్లలో నేను చూసిందేమిటంటే, ధైర్యం చెడినవాణ్ణి మందలించి, దారి తప్పినవాణ్ణి బుజ్జగించి మనం చాలామందిని పోగొట్టుకున్నాం. ఎవరికి ఏది కావాలో తెలియాలంటే ముందు పక్కన కూర్చోవాలి. మీ గదిలో ఒక కుర్రాడికి రెండుసార్లు ఉద్యోగం పోయిందనీ, వాడు అన్నం సరిగా తినడం లేదనీ చెప్పావు. సేవ చేస్తానన్నావు కదా, వాడితో మొదలుపెట్టు. వాడికి వాక్యం కంటే ముందు ఒకపూట భోజనం పెట్టు, వాడు చెప్పేది విను. రాజీనామా ఇవ్వకుండానే చెయ్యగల సేవ అది. నీ జీతం కూడా దానికి పనికొస్తుంది.

ఈ పత్రిక సహోదరులందరికీ చదివి వినిపించాలని పౌలు చివర్లో వాళ్లతో ఒట్టు పెట్టించుకున్నంత గట్టిగా చెప్పాడు. నువ్వూ అలాగే చదువు. ఆదివారం ఆరాధన అయ్యాక మీ గదిలోవాళ్లలో వినేవాళ్లను కూర్చోబెట్టుకుని మొదటినుంచి చివరిదాకా పైకి చదువు. మొత్తం 89 వచనాలు, పావుగంట చాలు. చదివాక నాలుగో అధ్యాయం గురించి నీకేమనిపించిందో నాకు రాయి. నీ జవాబు వచ్చాక ఇద్దరం కలిసి ప్రార్థన చేసి మాట్లాడుకుందాం. అందాకా రోజూ వేళకు ఆఫీసుకు వెళ్లు.

ప్రేమతో,
మీ పెదనాన్న