కనీస మొత్తమే కడుతూ పోతే అప్పు ఎప్పటికి తీరుతుంది?

అప్పు ఇచ్చిపుచ్చుకునే చోట తెలుగువారి లెక్క రూపాయల్లో ఉంటుంది. 'రెండు రూపాయల వడ్డీ' అంటే నూటికి నెలకు రెండు రూపాయలని అందరికీ తెలుసు. మూడు రూపాయలంటే చాలామంది వెనకడుగు వేస్తారు. అదే మనిషి జేబులో ఉన్న క్రెడిట్ కార్డు బాకీ మీద వడ్డీ సాధారణంగా నెలకు 3.5 శాతం దగ్గర ఉంటుంది. కొన్ని కార్డులకు ఇంకా ఎక్కువే. అంటే అది మూడున్నర రూపాయల వడ్డీ. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కూడా కలిపితే నాలుగు రూపాయలు దాటుతుంది.

అలాగని క్రెడిట్ కార్డు చెడ్డదేమీ కాదు. సరిగ్గా వాడితే అది వడ్డీ లేని అప్పు. సరిగ్గా వాడకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి కొంచెం గణితం చాలు.

వడ్డీ లేని రోజులు ఎన్ని?

ఒక కార్డుకు ప్రతి నెలా 5వ తేదీన బిల్లు తయారవుతుందని, కట్టడానికి 25వ తేదీ గడువు అని అనుకుందాం. జూన్ 6న కొన్న వస్తువు జులై 5 బిల్లులోకి వస్తుంది. దాని డబ్బు జులై 25న కట్టాలి. అంటే 49 రోజులు వడ్డీ లేదు. అదే వస్తువు జులై 4న కొంటే 21 రోజులే దొరుకుతాయి.

ఈ సౌకర్యానికి ఒక షరతు ఉంది. బిల్లు మొత్తం గడువులోగా కట్టాలి. కొంత మిగిల్చితే, సాధారణంగా కొన్న తేదీ నుంచే వడ్డీ పడుతుంది. ఆ తర్వాత కొనే కొత్త వస్తువులకు కూడా, పాత బాకీ తీరేదాకా వడ్డీ లేని రోజులు ఉండవు. ఏటీఎంలో కార్డుతో నగదు తీస్తే ఈ సౌకర్యం అసలే వర్తించదు. తీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది, రుసుము అదనం.

చక్రవడ్డీ చేసే పని

నెలకు 3.5 శాతమంటే ఏడాదికి 42 శాతమే కదా అనిపిస్తుంది. కానీ ఇది చక్రవడ్డీ. ఈ నెల వడ్డీ వచ్చే నెల అసలులో కలుస్తుంది. ఏమీ కట్టకపోతే 100 రూపాయలు 12 నెలల్లో 151 రూపాయలు అవుతాయి. దాదాపు 20 నెలల్లో బాకీ రెట్టింపవుతుంది. జరిమానాలు, పన్ను ఈ లెక్కలో లేవు. 1683లో స్విస్ గణితవేత్త జాకబ్ బెర్నూలీ చక్రవడ్డీ గురించి ఆలోచిస్తూనే గణితంలో 'ఇ' అనే ప్రసిద్ధ సంఖ్య దగ్గరికి చేరుకున్నాడు. జనాభా పెరుగుదలకైనా, రేడియోధార్మిక పదార్థం తరిగిపోవడానికైనా ఇవాళ వాడేది ఆ సంఖ్యనే.

బాకీకి అర్ధ జీవితకాలం

బిల్లులో రెండు అంకెలు కనిపిస్తాయి. ఒకటి కట్టాల్సిన మొత్తం, రెండోది 'మినిమమ్ డ్యూ' అనే కనీస మొత్తం. కనీస మొత్తాన్ని లెక్కించే తీరు ఒక్కో బ్యాంకుకు ఒక్కోలా ఉంటుంది. ఉదాహరణకు బాకీలో 5 శాతం అనుకుందాం.

ఒకరికి 50,000 రూపాయల బాకీ ఉంది. కార్డు మీద కొత్తగా ఏమీ కొనడం లేదు. నెల తిరిగేసరికి వడ్డీ 1,750, దానిపై జీఎస్టీ 315 కలిసి బాకీ 52,065 అవుతుంది. కనీస మొత్తం 2,603 రూపాయలు కట్టారు. మిగిలింది 49,462. జేబులోంచి రెండున్నర వేలకు పైగా పోయినా అప్పు తగ్గింది 538 రూపాయలే.

వచ్చే నెల బాకీ కాస్త తగ్గుతుంది కాబట్టి కనీస మొత్తం కూడా కాస్త తగ్గుతుంది. చిక్కు అక్కడే ఉంది. ప్రతి నెలా బాకీ ఒకే నిష్పత్తిలో, సుమారు 1.08 శాతం చొప్పున తరుగుతుంది. రేడియోధార్మిక పదార్థం తరిగేదీ ఇలాగే. అందులో సగం తరగడానికి పట్టే సమయాన్ని అర్ధ జీవితకాలం అంటారు. ఈ బాకీ అర్ధ జీవితకాలం 64 నెలలు, అంటే అయిదేళ్ల నాలుగు నెలలు. క్యాన్సర్ చికిత్సలో వాడే కోబాల్ట్-60 అర్ధ జీవితకాలం కూడా దాదాపు అంతే, 5.27 ఏళ్లు. ఆ 64 నెలల్లో కట్టిన సొమ్ము సుమారు 1,20,900 రూపాయలు. అయినా ఇంకా 25,000 బాకీ మిగిలే ఉంటుంది.

ఇప్పుడు ఒక్క మార్పు చేద్దాం. బిల్లులో కనీస మొత్తం తగ్గుతున్నా పట్టించుకోకుండా, మొదటి నెల కట్టిన 2,603 రూపాయలనే ప్రతి నెలా కట్టాలి. అప్పుడు మొత్తం బాకీ 39 నెలల్లో తీరిపోతుంది. కట్టేది సుమారు 1,01,400. నెలకు 5,000 చొప్పున కట్టగలిగితే 14 నెలల్లోనే తీరుతుంది. మొత్తం కట్టేది సుమారు 65,800.

తేడా ఎక్కడుంది? శాతం ప్రకారం కడితే అప్పు తగ్గేకొద్దీ కట్టేదీ తగ్గుతుంది. స్థిరంగా కడితే నెలనెలా వడ్డీ వాటా తగ్గి, అసలుకు పోయే వాటా పెరుగుతుంది.

మనసు ఎందుకు మోసపోతుంది?

ఈ లెక్క తెలిసినవారూ పొరబడతారు. అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు డ్రాజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ విద్యార్థులతో బాస్కెట్‌బాల్ టికెట్లకు వేలం నిర్వహించారు. కార్డుతో చెల్లించాలని చెప్పినవారు, నగదు ఇవ్వాలని చెప్పినవారికంటే సగటున రెట్టింపు ధర పాడారు. ఈ ఫలితాలు 2001లో వెలువడ్డాయి. నోట్లు లెక్కపెట్టి ఇస్తుంటే కలిగే బాధ కార్డుతో కలగదన్నది దీనికి ఒక వివరణ.

కనీస మొత్తం అనే అంకెకూ ప్రభావం ఉంది. బ్రిటన్‌లోని వార్విక్ విశ్వవిద్యాలయ మనస్తత్వవేత్త నీల్ స్టీవర్ట్ కొందరికి ఊహాజనిత బిల్లులు చూపించారు. కొందరి బిల్లులో కనీస మొత్తం ఉంది, మరికొందరి బిల్లులో లేదు. బాకీలో కొంతే కడతామన్నవారిలో, ఆ అంకె చూసినవారు తక్కువ కడతామన్నారు. 2009లో ప్రచురితమైన ఈ అధ్యయనం ప్రకారం కళ్లముందున్న చిన్న అంకె నిర్ణయాన్ని తనవైపు లాక్కుంటుంది.

నిబంధనలు, జాగ్రత్తలు

రిజర్వ్ బ్యాంకు 2022లో జారీ చేసిన మార్గదర్శకాల ప్రకారం, కనీస మొత్తం కట్టినా బాకీ పెరుగుతూ పోయేలా లెక్క ఉండకూడదు. కనీస మొత్తమే కడితే తీర్చడానికి నెలలు, ఏళ్లు పడుతుందన్న హెచ్చరిక కూడా బిల్లుల మీద ఉండాలి. పై ఉదాహరణలో బాకీ పెరగలేదన్నది నిజమే. కానీ పెరగకపోవడం వేరు, తీరడం వేరు.

కార్డు వాడేవారు చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. ఆటో పే పెట్టుకునేటప్పుడు 'మినిమమ్ డ్యూ' కాకుండా 'టోటల్ డ్యూ' ఎంచుకున్నారో లేదో ఒకసారి చూసుకోవాలి. చాలామంది తెలియకుండా పొరబడేది ఇక్కడే. ఇప్పటికే బాకీ ఉంటే, అది తీరేదాకా ఆ కార్డుతో కొనడం ఆపి, బిల్లులోని కనీస అంకెతో సంబంధం లేకుండా నెలకు ఇంత అని రూపాయల్లో నిర్ణయించుకుని కట్టాలి. బాకీ పెద్దదైతే, తక్కువ వడ్డీకి బ్యాంకు రుణం తీసుకుని కార్డు బాకీ ఒకేసారి తీర్చడం లాభమేమో లెక్క వేసుకోవచ్చు. కార్డు మీద నగదు మాత్రం గత్యంతరం లేనప్పుడే తీయాలి.

ఈ నెల బిల్లు రాగానే బాకీ మీద వేసిన వడ్డీని, పన్నును కలిపి చూడండి. కనీస మొత్తంలోంచి దాన్ని తీసేస్తే మిగిలేదే నిజంగా తీరే అప్పు.